పోయినవాడి ఎర

కిందటి వారం గాస్పార్ లవాలేని మోకాలిలోతు మంచునీళ్ళలో, ముక్కు దగ్గర ఒక పుల్ల పెట్టుకుని నిలబడ్డవాణ్ణి నిలబడ్డట్టే వదిలేసి మనందరం వెచ్చగా ఇళ్ళకు పోయాం. పాపం, వారమంతా వాడు అలాగే ఉన్నాడు. ఇంకాసేపు ఉంచితే కాళ్ళు కొయ్యబారిపోతాయి. ఈ కథలో కాళ్ళతో మనకు చాలా పని ఉంది. కనక ముందు వాణ్ణి ఒడ్డెక్కించాలి.

ఈలోగా, కొత్తగా వచ్చి వెనక వరసలో సర్దుకు కూర్చున్నవారికి నాలుగు ముక్కలు.

పచ్చనది పుట్టే కొండల్లో బీవర్లనే నీటిజంతువుల బొచ్చుతోళ్ళ కోసం బోనులు వేసుకు తిరిగే గుంపు వీళ్ళది. సముద్రాల అవతల దొరగారి నెత్తిన ఆ బొచ్చుతో చేసిన నున్నటి టోపీ నిలబడాలంటే ఇక్కడ వీళ్ళు చన్నీళ్ళలో నిలబడాలి. ఆయనకు తలకెక్కే షోకు వీళ్ళకు కాళ్ళకెక్కుతుంది. గాస్పార్ కెనడా ఫ్రెంచివాడు. వాడి జోడీ ఎల్కానా ప్రూయిట్ కెంటకీవాడు. ఎడమచేతి వాటం, పెడసరం నోరు. నిరుడు ఆకు రాలే రోజుల్లో ఎల్కానా ఎలుగుబంటి పాలబడ్డాడు. వెతగ్గా వెతగ్గా గాస్పార్‌కి దొరికింది ఒకే ఒక్క బూటు. అడుగున ఇనుప మేకులు కొట్టిన ఎల్కానా ఎడమ బూటు. అందులో కాలుంది. కాలికి పైన ఏమీ లేదు. గుంపంతా టోపీలు తీసి దాన్నే పూడ్చిపెట్టి, మనిషి కాలధర్మం చెందాడన్నారు. దొరికినంతమట్టుకు చూస్తే అది కాలిధర్మమే.

ఎల్కానా పెళ్ళాం తుంపర. ఆ కొండల్లోని షోషోనీ తెగ మనిషి. వాళ్ళ భాషలో ఆమె పేరుకి అర్థం అది. నోరు తిరగక గుంపంతా అర్థంతోనే పిలుస్తారు. ఆమె అన్న పేరుకి అర్థం గాలివాన. తుంపరా గాలివానా ఒకే కడుపున పుట్టాక ఆ ఇంట్లో బట్టలెలా ఆరేవో మనకు తెలీదు. మొగుడి గోతి దగ్గర తుంపర జుట్టు చెవులదాకా కోసేసుకుంది. ఆనాటినుంచి మొగుడి పేరు ఆమె నోట రాలేదు. మనవైపు ఆడవాళ్ళు ఉన్న మొగుడి పేరు పలకరు. వాళ్ళు పోయినవాళ్ళ పేరు పలకరు. పిలిస్తే వస్తారని భయం.

ఇప్పుడా జుట్టు మెడ దాటి పెరిగింది. దాంతోపాటు గాస్పార్ ఆశా పెరిగింది. ఆమె గుడారం ముందు రెండు గుర్రాలు కట్టాడు. ఆమె అన్న వచ్చి, కట్లు విప్పి, వాటిని తోలుకుపోతే పెళ్ళి అయిపోయినట్టే. తోళ్ళ పనివాడికి గుర్రాలు తోలుకుపోయేవాడు కావలసివచ్చాడు. ఆ అన్న నిరుడే ఎక్కడికో బంధువుల దగ్గరికంటూ పోయాడు. గాలివాన కదా, చెప్పి రాడు, చెప్పి పోడు. రోజూ పొద్దుగుంకే వేళకి తుంపర అన్న పేరు పైకి పలికి, అతని వంతు గిన్నె పొయ్యి పక్కన పెడుతుంది. మంచు పడేలోగా అతనొస్తే పెళ్ళి. రాకపోతే ఆమె తన జనంతో దక్షిణానికి పోతుంది. పోయినమనిషి మళ్ళీ ఈ కొండలకు వస్తుందన్న పూచీ లేదు. అందుకని ఈ భూమ్మీద గాలివాన కోసం ఎదురుచూసే రైతులెవరూ లేకపోయినా, ఒక్క గాస్పార్ మాత్రం ఆకాశం కేసి చూస్తూ కూర్చున్నాడు.

అలాంటివాడు ఆ రోజు, ఎవరూ తొక్కని పైవాగులో బోను వేద్దామని దిగితే, అప్పటికే అక్కడొక బోను వేసి ఉంది. దాని పైన ఎర పుల్ల. పుల్ల వాసన చూశాడు.

అక్కడ ఆపాం.

*

బీవర్ కోసం వేసే ఎర నోటికి కాదు, ముక్కుకి. బీవర్ తోక కింద తిత్తిలోంచి పిండిన పసుపుపచ్చ ముద్దలో ఎవడి దినుసులు వాడు కలుపుకుని, పుల్లకి రాసి, నీటిపైన గుచ్చుతాడు. ఆ వాసనకి బీవర్ ముక్కు ఎత్తుకుని వస్తుంది. నీళ్ళ అడుగున బోను కాలిని పట్టుకుంటుంది. తప్పు చేసేది ముక్కు, శిక్ష పడేది కాలికి. ఆ ముద్దను కొండల్లో 'మందు' అంటారు. మందు లేనివాడు అక్కడ లేడు, మీకు తోచిన రెండర్థాల్లోనూ. వీళ్ళు దుప్పటి పంచుకుంటారు, మాంసం పంచుకుంటారు, పేలైతే అడక్కుండానే పంచుకుంటారు. మందు గుట్టు మాత్రం చచ్చినా పంచుకోరు. చచ్చినా అన్నది ఊరికే అన్న మాట కాదు. మనిషి పోతే వాడి మందు వాడితో పోతుంది.

పుల్లకి ముందు లవంగం ఘాటు. ఆ వెనక జాజికాయ. ఆ వెనక, ఎవరికీ అంతుపట్టనిది, మాడిన చక్కెర లాంటి చేదు.

ఎర ఎవరిదో ఎరుకైంది. అన్నేళ్ళు ఒకే గుడారంలో ఆ వాసన పక్కన పడుకున్నవాడు గాస్పార్. మనిషి పోయినా వాసన పోలేదు. పూర్వజన్మ వాసనలంటారే, అవి పక్కవాడి పూర్వజన్మవి కూడా తగులుకుంటాయని వాడికి ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

పుల్ల కొన చూశాడు. కత్తి వేటు ఎడమచేతి వాలుగా ఉంది.

గాలి లేదు. తంగేడు పూతంత పచ్చగా పండిన ఆకులు కొమ్మలమీదే ఒకదానికొకటి రాసుకుంటూ, గుసగుస మొదలుపెట్టి, మనిషి తిరిగి చూడగానే ఆపేశాయి. ఎక్కడో పైన కణుజు దుప్పి కూసింది. ఆ కూత మొదట్లో బూర ఊదినట్టు, చివర్లో ముసలమ్మ మూలిగినట్టు ఉంటుంది. గాస్పార్ ఒడ్డు వెంట పైకి నడిచాడు. ఇంకో బోను. ఇంకో పుల్ల. అదే వాలు, అదే వాసన. మడుగు దాటి, కూలిన చెట్టు దాటి, ఆ వాసన వాణ్ణి ముక్కుకి తాడేసినట్టు లాక్కుపోయింది. పోతూనే వాడొక సంగతి గమనించాడు. గమనించి, ఎందుకైనా మంచిదని లోపల దాచుకున్నాడు.

ఒక నీటిమలుపు దగ్గర కొమ్మలతో అల్లిన పాక. ముందు చిన్న పొయ్యి, వెదురు చట్రంలా వంచిన కొమ్మలమీద గుండ్రంగా బిగించిన తోళ్ళు. మనిషి లేడు. గాస్పార్ చేతికంటిన మందు కడుక్కుందామని వంగాడు.

"చెయ్యి వాగులో కడక్కు. మనిషి వాసనకి నా బీవర్లన్నీ పారిపోతాయి."

గొంతు వెనకనుంచి వచ్చింది. గొంతు అదే. కాకపోతే మధ్యలో ఎక్కడో చిల్లు పడ్డ బూరలా, ప్రతి మాటకీ చివర ఒక ఈల.

గాస్పార్ వెనక్కి తిరగలేదు. వంగినవాడు వంగినట్టే ఉండి, నుదుటినుంచి రొమ్ముకి సిలువ గీసుకుని మేరీమాత ప్రార్థన అందుకున్నాడు.

"ఆపరా. నీకు వచ్చిందే సగం ప్రార్థన. దాంతో దెయ్యాన్ని సగమే తరుముతావు. మిగతా సగంతో ఏం చేస్తావు?"

"నువ్వు పోయావు కదరా, ఎల్కానా."

"పోయాననే విన్నాను. వేలం కూడా వేశారటగా. నా కోటు ఎవరు పాడారు?"

"థాడియస్."

"వంటవాడా? పొట్ట దగ్గర బొత్తాలు పడతాయా వాడికి?"

"పడవు. తాడు కట్టుకుంటాడు."

"టోపీ?"

"అదీ వాడే."

"ఛ. ఆ తలలో పెట్టడానికేమీ లేకపోతే తలమీద పెట్టి ఏం లాభం. సరే, తుపాకి?"

ఆ తుపాకి గాస్పార్ భుజానే వేలాడుతోంది. పోయినవాడి సామానంతా గుంపులో వేలం వెయ్యడం కొండల్లో కట్టుబాటు. ఒకసారి పాడిన సరుకు వెనక్కి ఇవ్వరు. ఎందుకంటే అడగడానికి మనిషి రాడు. అడగడానికి మనిషి వస్తే ఏం చెయ్యాలో కట్టుబాటులో లేదు.

"ఉంచుకోరా," అంది గొంతు. "వేలంలో పోయినవాడు వెనక్కి రావడం మర్యాద కాదు. ఇటు తిరుగు. కానీ మెల్లిగా తిరుగు. నేనే అలవాటు పడ్డానికి చాలా రోజులు పట్టింది."

తిరిగాడు.

ముఖాముఖీ అందామంటే అవతల ఉన్నది అరముఖమే. కుడి సగం ఎల్కానాది. ఎడమ సగం ఎవరిదీ కాదు. కనుబొమ దగ్గర మొదలైన గాట్లు కన్ను ఉండాల్సిన చోటు మీదుగా, పెదవి మీదుగా దవడ కిందకి దిగిపోయాయి. వాటిని ఎవరో తోలుసంచి మూతి కుట్టినట్టు ముతక కుట్లు వేసి దగ్గరికి లాగారు. లాగిన చోట పెదవి మూత పడక ఈల వస్తోంది.

"క్రో తెగ జనంలో ఒక ముసలమ్మ కుట్టింది," అన్నాడు ఎల్కానా. "బూట్లు బాగా కుడుతుందట. చలికాలమంతా నన్ను తన గుడారంలో ఉంచుకుంది. అద్దం మాత్రం ఇవ్వలేదు. మంచి మనిషి."

గాస్పార్ చూపు ఆ ముఖంమీద నిలవలేక మెడమీదకి దిగింది. మెడలో దుప్పికొమ్ముతో చేసిన మందు బుడ్డి వేలాడుతోంది. దాన్ని చూడగానే ముఖమే నయమనిపించింది.

"అది తుంపర నీ గోతిలో పెట్టింది. నా కళ్ళెదుట పెట్టింది."

"అవును. తవ్వి తీసుకున్నాను. తన గొయ్యి తనే తవ్వుకున్నాడని ఎవడి గురించైనా అంటారు చూడు, అది నేను చేసి చూపించాను."

"మందు కోసం గొయ్యి తవ్వావా?"

"మందు కోసమే." ఎల్కానా ఆగాడు. ఈల కూడా ఆగింది. "కాదు. లోపల ఏం పూడ్చారో చూద్దామని."

బండమీద కూర్చుని, మెత్తటి తోలుచెప్పులు విప్పి, రెండు కాళ్ళూ ముందుకు చాపాడు. రెండు కాళ్ళు. ఎడమ పాదానికి చివరి రెండు వేళ్ళు లేవు. అవి అంతకుముందు చలికాలం మంచులో నల్లబడిపోతే, గొడ్డలి కాల్చి కోసినవాడు గాస్పారే. వేలంలో అన్నీ పోయాయి గానీ ఆ వేళ్ళు ముందే పోయాయి.

"నావి నాకే ఉన్నాయి. మరి మీరు టోపీలు తీసింది ఎవరి కాలికిరా?"

*

గాస్పార్‌కి ముందు నవ్వొచ్చింది. తర్వాత తను కోసిన వేళ్ళ చోటు మళ్ళీ చూశాడు.

"నీ బూటే అది. మేకులు నేను గుర్తుపట్టాను."

"బూటు నాదే. బూటు సంగతి నేననలేదు."

ఎల్కానా చెప్పులు మళ్ళీ తొడుక్కుంటూ, నేలకేసి చూస్తూ, ముక్కముక్కలుగా చెప్పాడు.

"బంధువుల దగ్గరికని పోతూ పోతూ దారిలో నన్ను కలిశాడు. నేను బోను వెయ్యడానికి నీళ్ళలో దిగాను. నీళ్ళలో ఎవడైనా బూట్లతో దిగుతాడా? ఒడ్డున విప్పాను. నీకు తెలుసుగా, వాడికా బూట్లంటే ప్రాణం. రాతిమీద మేకులు టకటకమంటాయని."

ఎవరని గాస్పార్ అడగలేదు. అడగక్కర్లేకపోయింది. ఆ బూట్లు తనకిమ్మని గుంపు మధ్యలో పెద్ద మనిషి చిన్నపిల్లాడిలా మంకుపట్టు పట్టేది ఒక్కడే. 'బావా, ఒక్కసారి తొడుక్కుని ఇచ్చేస్తా' అని గుడారం గుడారానికీ టకటకలాడించుకుంటూ తిరిగేవాడు. తుంపర పడీ పడీ నవ్వేది.

"తొడుక్కో బావా అన్నాను. బండమీద నాట్యం చేస్తున్నాడు. పొదల్లోంచి వచ్చింది. పిల్లల తల్లి. నా కేసి కాదు, ఆ చప్పుడు కేసి పోయింది. వాడు పరిగెత్తాడు. వాడి చెప్పులతోనైతే లేడిలా ఉరికేవాడురా. మేకులు బండమీద జారాయి." ఎల్కానా అరచేత్తో అరముఖం తుడుచుకున్నాడు. "నేను కత్తి పట్టుకుని వెళ్ళాను. ఇది నాకు మిగిలింది. వాడికి అదీ మిగల్లేదు. నా గుర్రం కోటూ టోపీ తుపాకీ బుడ్డీ అన్నీ మోసుకుంటూ, తాడు తెంపుకుని మీ దగ్గరికి పారిపోయింది. చెప్పడానికి ఇంకేం లేదు."

గాలివాన వెలిసింది. వెలిసి ఏడాదైంది. ఇక్కడ వీళ్ళు ఇంకా మబ్బు కేసి చూస్తున్నారు.

గాస్పార్ కళ్ళముందు ఆ గుడారం కదిలింది. పొయ్యి పక్కన గిన్నె. రోజూ ఆమె పైకి పలికే పేరు. పోయినవాళ్ళ పేరు పలికితే వస్తారని భయపడే మనిషి, ఏడాదినుంచి ప్రతి సాయంత్రం ఒక పోయినవాణ్ణి పేరు పెట్టి భోజనానికి పిలుస్తోంది.  

"మరి నువ్వెందుకు రాలేదురా? వచ్చి చెప్పాల్సింది."

"వచ్చాను. మంచు కరగ్గానే వచ్చాను. గట్టుమీదనుంచి చూశాను. నా కోటు ఎవరి ఒంటిమీదో తిరుగుతోంది. తుంపర జుట్టు చెవుల దగ్గరుంది. వెళ్ళి ఏం చెప్పను? నీ మొగుడు బతికే ఉన్నాడు, ఇదిగో ఇలా ఉన్నాడు అని చెప్పొచ్చు. ఆ వెంటనే, మీ అన్న నా బూట్లలో చచ్చిపోయాడని చెప్పాలి. మొదటి మాట నోట్లోంచి వస్తే రెండోది దాని తోక పట్టుకుని వస్తుంది. నా వల్ల కాలేదు." ఒంటికన్ను పైకెత్తాడు. "నువ్వొక మాట చెప్పు. ఆ బూటు నీకే దొరికింది. నా వేళ్ళు కోసినవాడివి నువ్వే. విప్పి చూశావా?"

"లేదు."

"ఒక్క తాడు లాగితే వచ్చేది."

"చూడాలనిపించలేదు."

"చూడాలనిపించలేదా, చూడకూడదనిపించిందా?"

ఆ రెండింటికీ మధ్య ఎంత దూరముందో గాస్పార్ ఏడాదిగా కొలుస్తూనే ఉన్నాడు, కొలుస్తున్నట్టు తనకే చెప్పకుండా. ఆ రోజు వేలు ఆ తాడుదాకా వెళ్ళింది. ముడి చల్లగా, తడిగా ఉంది. వేలు అక్కడ ఆగింది. ఎందుకాగిందో వేలికి తెలుసేమో, వాడికి తెలీదు. ఇప్పుడు లోపల దాచుకున్నది బయటకు తీశాడు.

"నన్నడుగుతున్నావు సరే. బీవర్‌కి వేసే ఎర పుల్ల నీళ్ళవైపు వంగి ఉంటుంది. నువ్వు నేర్పిందే నాకు. నీ పుల్లలన్నీ కాలిదారివైపు ఎందుకు వంగాయి?"

ఎల్కానా ఈల వేశాడు. మాట లేని ఈల.

"ఎర నాకే వేశావు."

"ఎవరో ఒకరు రావాలిగా," అన్నాడు ఎల్కానా. "దెయ్యానికైనా మాట్లాడ్డానికో మనిషి కావాలి. విను. దానికి నా సంగతి చెప్పకు. ఎక్కడో ఎముకలు దొరికాయను. మెడలో పూసలు చూసి మీ అన్నని గుర్తుపట్టానను. పూసలు నా దగ్గరున్నాయి, ఇస్తాను. ఏడుస్తుంది. మళ్ళీ జుట్టు కోసుకుంటుంది. అన్న లేడని తెలిశాక గుర్రాల కట్లు విప్పే హక్కు దానిదే అవుతుంది. జుట్టు పెరిగాక విప్పుతుంది. నేను పడమటి కనుమ దాటి స్పానిషు వాళ్ళ దేశం పోతాను. అక్కడ నా ముఖం ఎవరికీ తెలీదు. తెలిసినా గుర్తుపట్టరు."

"రేపు కూడా ఉంటావా ఇక్కడ?"

"పొద్దున్నకి ఉండను. నువ్వు సగం చెప్పు చాలు. సగం చెప్పడం నీకు కొత్త కాదుగా, నీ ప్రార్థనలాగే."

చెయ్యి చాపాడు. ఎడమ చెయ్యి. గాస్పార్ అందుకున్నాడు. మాట ఇచ్చినట్టు గట్టిగా నొక్కాడు ఎల్కానా. అరచెయ్యంతా మందు. జిగురుగా, వెచ్చగా, బతికున్న మనిషి అరచెయ్యిలా.

*

దిగువకి వస్తూ గాస్పార్ మడుగు మడుగుకీ ఆగి చెయ్యి కడిగాడు. ఇసకతో తోమాడు. చేదాకు నలిపి రాశాడు. తోళ్ళు ఊడదీసి బతికేవాడికి ఆ వాసన మాత్రం తోలు కింద దాక్కుందనిపించింది. పూసలు రొమ్ము దగ్గర సంచిలో ఉన్నాయి. అడుగు వేసినప్పుడల్లా చిన్నగా టకటకమంటున్నాయి. సగం నిజం ఎలా మొదలెట్టాలో దారంతా నోటికి నేర్చుకున్నాడు. 'తుంపరా, పైవాగు దగ్గర ఎముకలు కనబడ్డాయి.' బాగానే ఉంది. అబద్ధం ఒక్కటీ లేదు. నిజమే కాస్త తక్కువైంది.

ఆ తక్కువైన నిజానికి అవతలి వైపున పెళ్ళి ఉంది. తనకోసం మండే పొయ్యి ఉంది. వాడేం దురాశాపరుడు కాదు. మనిషి పక్కన మనిషి ఉండాలనుకున్నాడు, అంతే.

గుడారాల దగ్గరికి వచ్చేసరికి పొద్దు కొండ అంచుకి ఆనుకుంది. ఎల్కానా కోటు పొట్టకి తాడు కట్టుకుని వంట దగ్గర కూర్చుంది. లోపల థాడియస్.

"ఏరా గాస్పారూ, దెయ్యాన్ని చూసినట్టున్నావేం?"

"చన్నీళ్ళు."

"చన్నీళ్ళకి నీలంగా అవుతారు. నువ్వు సున్నం కొట్టినట్టున్నావు. బీవర్ తోక కాలుస్తున్నా, తినిపో. పెళ్ళికొడుకువి, ఒంట్లో కొవ్వుండాలి." ముక్కు ఎగబీల్చాడు. ముక్కునిండా పొగాకే కాబట్టి పాపం వాడికి ఏమీ అందలేదు. "గాలివాన వస్తాడ్లే. ఆ కొండమీద మబ్బు చూశావా?"

గాస్పార్ మబ్బు కేసి చూడలేదు.

తుంపర గుడారం ముందు తోలుకి లోపలి కొవ్వు గీకుతోంది. గుర్రాలు రెండూ కట్టిన చోటే ఉన్నాయి. పొయ్యి పక్కన గిన్నె అప్పటికే పెట్టి ఉంది. వేటమాంసంలో ఎండుపళ్ళు వేసిన జావ, పైన ఆవిరి. వాడు వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"ఈ పూట గాలివాన వస్తాడు," అంది తుంపర, గీకుడుకత్తి ఆపకుండా. "నిన్న కలలో కనబడ్డాడు. ఒక కాలికే బూటుంది. రెండోది ఏదీ అంటే నవ్వుతాడు. ఆ బూట్ల పిచ్చి కలలో కూడా వదల్లేదు వాణ్ణి."

నేర్చుకొచ్చిన వాక్యం గాస్పార్ నోట్లో అడ్డం తిరిగింది. అయినా మొదలుపెట్టాడు.

"తుంపరా. పైవాగు దగ్గర..."

ఆమె కత్తి ఆగింది. ముక్కు పుటాలు కదిలాయి. తోలు పక్కన పెట్టి, మోకాళ్ళమీద ముందుకు జరిగి, వాడి మణికట్టు పట్టుకుంది. అరచెయ్యి విప్పింది. వాడు ముయ్యబోయాడు, ఆ పట్టులో మూత పడలేదు. ముఖం దానిలోకి వంచి ఊపిరి తీసింది. ఒకసారి తీసి వదల్లేదు. ఎంతసేపో లోపలే ఉంచుకుంది.

"చేదాకు," అంది. "ఇసక. ఆ కింద లవంగం." ఇంకోసారి వంగి వాసన చూసింది. "ఈ చక్కెర మాడ్చి పోసేది నేను. నా పొయ్యిమీద మాడ్చేదాన్ని. బుడ్డి నా చేత్తో గోతిలో పెట్టాను. బుడ్డిలోది ఇంత ఘాటుగా ఇన్నాళ్ళుండదు. ఇది కొత్తది."

గాస్పార్ నేలకేసి చూశాడు. కొండల్లో నేర్చుకున్న మొదటి పాఠం వాడికి ఇప్పుడు బోధపడింది. ముక్కు పసిగట్టింది. కాలు బోనులో పడింది. కాకపోతే ఆ ముక్కు తనది కాదు.

ఆమె తల ఎత్తింది. ముఖంమీద ఏడాదిగా లేని వెలుగు. అది కొండమీద పొద్దు కాదు. పొద్దు అప్పటికే దిగిపోయింది. పెదవులు ఏదో మాటని తడుముకుంటున్నట్టు కదిలి, ఆ మాట దొరికి, పైకి వచ్చింది.

"ఎల్కానా."

పేరు. జుట్టు కోసుకున్న నాటినుంచి ఆ నోట రాని పేరు. రెండోసారి మెల్లిగా, రుచి చూసుకున్నట్టు పలికింది. "ఎల్కానా." మూడోసారి పలుకుతూ నవ్వింది. బూట్లు టకటకలాడిన రోజుల్లో నవ్వినట్టు నవ్వింది. ఆ నవ్వు తనవైపు తిరుగుతుందని ఏడాది కాచుకు కూర్చున్నవాడు, అది తన పక్కనుంచి పైవాగు వైపు వెళ్ళిపోవడం చూశాడు.

నవ్వు సగంలో ఉండగా ఆమె చూపు పొయ్యి పక్కకి పోయింది.

గిన్నెమీద ఆవిరి తగ్గింది. ఆమె గిన్నెని చూసింది. తర్వాత గట్టు అవతల రాళ్ళు పేర్చిన గొయ్యి ఉన్న వైపు చూసింది. మళ్ళీ గిన్నెని చూసింది. గాస్పార్ రొమ్ము దగ్గర సంచిలో పూసలు, వాడు ఊపిరి తీసినందుకే, ఒక్కసారి టక్కుమన్నాయి.

ఆ చప్పుడు ఆమె వింది.

"మరి..." అంది తుంపర. రోజూ పలికే పేరు కోసం నోరు తెరిచింది. తెరిచి, మూసింది. "మరి, మా అన్న?"

పేరు పలకలేదు.

గాస్పార్ నేర్చుకొచ్చిన సగమూ ఆమె చేతిలో ఉంది, దాచిన సగమూ ఆమె చేతిలో ఉంది. సంచి తీసి ఆమె ముందు పెట్టాడు. ఆమె దాన్ని ముట్టుకోలేదు. గిన్నె తీసి, జావ పొయ్యిలో ఒంపింది. బూడిద బుస్సుమని లేచింది. గుడారంలోకి వెళ్ళి ఒక కత్తితో తిరిగి వచ్చింది. అది తోళ్ళు గీకే కత్తి కాదు. నిరుడు గోతి దగ్గర జుట్టు కోసుకున్న కత్తి.

వాడి చేతిలో పెట్టింది.

"మొద్దుబారింది. పదును పెట్టు."

"తుంపరా," అన్నాడు గాస్పార్. "ఇది దేనికి? జుట్టుకేనా?"

ఆమె అప్పటికే గుర్రాల దగ్గరికి నడిచింది. అన్న తప్ప ఇంకెవరూ విప్పకూడని కట్టు తన చేత్తో తనే విప్పి, ఒకదాన్ని ఎక్కి, దాని తల పైవాగు వైపు తిప్పి, కత్తి కోసం చెయ్యి చాపింది.